షాదీ అయిన నెలకే పిల్లి మీద పంచాయితీ

నికా, వలీమా అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక కొత్త కోడలికి ఇంట్లో తనంటే పడని ఒకరున్నారని తెలుస్తుంది. అత్తగారు కాదు, ఆడపడుచు కాదు. ఏళ్లుగా భర్త మంచం మీదే పడుకుంటున్న పర్షియన్ పిల్లి! ఆమె గదిలోకి వస్తే బుస కొడుతుంది. రాత్రి దుప్పట్లో కాలు కదిపితే పంజా విసురుతుంది. జానమాజ్ మీద మూత్రం పోస్తుంది. ఆయనేమో "అదేం చేయదు, నువ్వే ఊరికే భయపడుతున్నావ్" అంటాడు. ఆమె చేతి మీద గీతలు చూపిస్తుంది. చివరికి మాట "అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" దాకా పోతుంది.

మన ఇళ్లలో కుక్క కంటే పిల్లికి చోటు ఎక్కువ. దాని ఎంగిలి నజిస్ కాదని చెప్పే హదీసు కూడా ఒక మామా కోడళ్ల మధ్య జరిగిన సంగతే. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూకి కోడలు కబ్షా నీళ్లు పోస్తుంటే పిల్లి వచ్చింది. ఆయన గిన్నె వంచి దానికి తాగనిచ్చారు. ఆమె వింతగా చూస్తే అసలు విషయం చెప్పారు. అయితే పిల్లి మూత్రం సంగతి వేరు. జానమాజ్ ఉతకాల్సిందే. కోడలు ఆ మాట అంటే అది పిల్లి మీద కక్ష కాదు.

ఇంతకీ పిల్లి ఎందుకిలా చేస్తుంది? చాలామంది దీన్ని అసూయ అనుకుంటారు. పిల్లి తన ఇంటిని ఎక్కువగా వాసనతో గుర్తుపడుతుంది. గోడ మూలలకు, సోఫాకు బుగ్గలు రుద్దేది అందుకే. షాదీతో ఆ ఇల్లు ఒక్కసారిగా మారిపోతుంది. కొత్త బీరువా, కొత్త అత్తరు, కొత్త మనిషి వస్తారు. ఎప్పుడూ తెరిచి ఉండే గది తలుపు మూసుకుంటుంది. అన్నం పెట్టే మనిషి టైమింగులు మారతాయి. పిల్లి చూపించేది చాలావరకు భయమే.

ఇంకో కారణం ఉంది, దాన్ని చాలామంది భర్తలు ఒప్పుకోరు. బ్రహ్మచారిగా ఉన్నప్పుడు చేత్తో కుస్తీ ఆడి, చేతిని కరవడం ఆటేనని దానికి నేర్పింది ఆయనే. ఆయన గట్టి చేతికి ఆట అనిపించింది ఆమె చేతికి గాయమవుతుంది.

బాల్కనీలోకి వీధి పిల్లి వచ్చినా గొడవే. అద్దం అవతల ఉన్నదాన్ని అందుకోలేక, ఆ కోపం దగ్గర్లో ఉన్న కాలి మీద తీర్చుకుంటుంది. ఆ కిటికీకి కింది భాగంలో పరదా వేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న పిల్లి హఠాత్తుగా మారితే మాత్రం ముందు పశువైద్యుడికి చూపించాలి. పంటి నొప్పి, కీళ్ల నొప్పి ఉన్నా కరుస్తుంది. మగపిల్లి మూత్రం చిమ్మడం, కొట్లాటలు ఆపరేషన్‌తో చాలావరకు తగ్గుతాయి. ఆ ఆపరేషన్ మీద ఉలమాలది ఒకే మాట కాదు కాబట్టి తెలిసిన ముఫ్తీని అడగడం మేలు.

పిల్లి ముందే హెచ్చరిస్తుంది. తోక టపటపా కొడుతుంది, చెవులు వెనక్కి వాలుతాయి, వీపు మీద చర్మం జలదరిస్తుంది. అప్పుడు చెయ్యి తీసేయాలి. పొట్ట చూపిస్తూ పడుకుంది కదా అని నిమరబోతే గోళ్లు దిగుతాయి.

బాగుచేసే పని మొదట భర్తదే. గోళ్లు కత్తిరించడం, రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు కర్రకు కట్టిన దారంతో ఆడించడం, పడకగది బయట దానికి పక్క, నీళ్లు, లిట్టర్ బాక్స్ ఏర్పాటు చేయడం ఆయన చూసుకోవాలి. అన్నం గిన్నె మాత్రం ఆమె చేతి నుంచి వెళ్లాలి. ఆమె పాత దుపట్టా ఒకటి గిన్నె దగ్గర పెడితే ఆ వాసన తిండితో ముడిపడుతుంది. ఆమె అదే గదిలో తన పని తాను చేసుకుంటూ, దాని కళ్లలోకి చూడకుండా, ఉడికించిన చికెన్ ముక్క దూరంగా వేస్తే చాలు. బిర్యానీ ముక్క వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. చెప్పుతో కొడితే, నీళ్లు చల్లితే భయం రెట్టింపవుతుంది. ఇదంతా వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

కరిస్తే మాత్రం "ఇంటి పిల్లే కదా" అని వదిలేయకూడదు. పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, కాఫీ పొడి పూయొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కండకు ఇచ్చే రేబిస్ టీకా అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి ఇచ్చేదైతే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన కాటుకు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. పిల్లికి టీకాలు వేయించామన్నా, అది బయటికి వెళ్లదన్నా, మానాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. పిల్లి పళ్లు సూదుల్లా లోతుకు దిగుతాయి. పైకి చిన్న చుక్కలా ఉన్నా ఒక్క రోజులో చెయ్యి వాచిపోవచ్చు. షుగర్ ఉన్న అత్తగారిని కరిస్తే ఇంకా తొందరపడాలి.

కోడలు గర్భవతి అయితే చాలా ఇళ్లలో మొదటి తీర్పు పిల్లికి బయటి దారి. అంత అవసరం లేదు. టాక్సోప్లాస్మా అనే క్రిమి పిల్లి మలంలో పడిన వెంటనే అంటదు. దానికి కనీసం ఒక రోజు పడుతుంది. లిట్టర్‌ను రోజూ, ఆమె కాకుండా ఇంకొకరు తీస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. పిల్లికి పచ్చి మాంసం పెట్టొద్దు. ఆ క్రిమి పచ్చి మాంసం నుంచి మనుషులకూ వస్తుంది. బక్రీద్ రోజు మాంసం కోసిన చేతులు కడుక్కోవడం, సరిగా ఉడకని కబాబ్ తినకపోవడం కూడా అంతే ముఖ్యం.

అన్నీ చేసినా కాటు ఆగకపోతే, ఇంట్లో పసిబిడ్డ ఉంటే, పిల్లిని ప్రేమగా చూసుకునే తెలిసినవాళ్లకు ఇవ్వడం తప్పు కాదు. వీధిలో వదిలేయడం మాత్రం తప్పే. ఇంట్లో పెరిగిన పర్షియన్ బయట బతకడం కష్టం. ఆకలికి, దాహానికి వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ గురించిన హదీసు తెలియని ఇల్లు మనలో తక్కువే.

మార్పు చిన్నగా మొదలవుతుంది. బుస కొట్టకుండా పక్క నుంచి వెళ్లిపోతుంది. దూరంగా కూర్చుని ఆమె వైపు చూసి నెమ్మదిగా కళ్లు మూసి తెరుస్తుంది. ఒకరోజు వచ్చి ఆమె పక్కనే కూర్చుంటుంది. అప్పుడు వెంటనే ఎత్తుకోవద్దు, ఇంకో వారం ఆగాలి.