కిర్కె మగ్గం ఏమైంది?

మా బడి చేనేత కార్మికుల పేటను ఆనుకొని వున్నది. ఒకనాడు తొమ్మిదో తరగతిలో పాఠం ముందే అయిపోతే, మిగిలిన సమయంలో పిల్లలకు ఒడిస్సీలోని మాయలాడి కిర్కె కథ చెప్పాను. దారితప్పిన వీరులు ఒక దీవిలో దిగటం, అడవి మధ్య రాతి మేడ, లోపల పాడుకుంటూ మగ్గం నేస్తున్న స్త్రీ, ఆమె యిచ్చినది తాగి వాళ్లు పందులైపోవటం - యింతవరకు చెప్పి, వ్యామోహంలో పడ్డవాడు పశువవుతాడని నీతి చెప్పబోయాను. నాకు చదువు చెప్పినవారు అట్లాగే చెప్పారు మరి. యీలోగా వెనక బెంచీలో ఒక ఆడపిల్ల లేచి, "ఆ మగ్గం మీద బట్ట పూర్తయిందా సార్?" అని అడిగింది. ఆ పిల్ల యింట్లో రెండు మగ్గాలున్నాయి. నా దగ్గర జవాబు లేదు. యీ వ్యాసం ఆ జవాబు కోసం వెతుకులాట.

హోమర్ కావ్యం పదో సర్గలో కిర్కె మనకు కనిపించే ముందు వినిపిస్తుంది. సూర్యుని కూతురు. పెద్ద మగ్గం ముందు అటూ యిటూ నడుస్తూ పాడుతుంటుంది. గ్రీకులది మన గుంటమగ్గం వంటిది కాదు, నిలువు మగ్గం. నేసేవాళ్లు నిలబడి నేస్తారు. యిదే కావ్యంలో ఒడిస్సియస్ భార్య పెనెలొపి కూడా నేస్తుంది. మామగారి శవవస్త్రాన్ని పగలు నేసి రాత్రి విప్పుతుంది. ఆ మగ్గం పాతివ్రత్యానికి గుర్తు అని పండితులు పేజీలకు పేజీలు రాశారు. కిర్కె మగ్గాన్ని అంతగా పట్టించుకున్నవారు తక్కువ. శ్రమ ఒకటే. ఆ శ్రమ ఎవరి యింటి కోసం జరుగుతున్నదో దాన్నిబట్టి విలువ మారింది.

ఆమె కలిపి యిచ్చిన పానీయమూ చిత్రమైనదే. జున్ను, బార్లీపిండి, తేనె, ద్రాక్షసారా - యివన్నీ వంటింటి వస్తువులు. మందు వాటిలో కలుస్తుంది. పందులైన వాళ్లకు మనిషి బుద్ధి పోదు. ఆ మనుషులెవరు? ట్రాయ్ నుంచి బయల్దేరగానే ఇస్మారస్ అనే వూరిమీద పడి, మగవాళ్లను చంపి, స్త్రీలను, సొమ్మును పంచుకున్నవాళ్లు. తొమ్మిదో సర్గలో ఒడిస్సియస్ తన నోటితోనే, ఏమాత్రం సంకోచం లేకుండా యీ సంగతి చెబుతాడు. కిర్కె వాళ్లనెందుకు పందుల్ని చేసిందో హోమర్ చెప్పలేదు. ఓడ దిగిన దోపిడీదారులు ఎటువంటివారో మాత్రం చెప్పాడు.

ఆమె తరపున నేను వకాల్తా పుచ్చుకోవటం లేదు. ఆ మేడలో నలుగురు దాసీలున్నారు. బల్లలు సర్దటం, మద్యం కలపటం, స్నానానికి నీళ్లు కాచటం వాళ్ల పని. కిర్కె కూడా యజమానురాలే. ఒడిస్సియస్ హెర్మెస్ దేవుడిచ్చిన వేరు చేతబట్టుకొని వచ్చి కత్తి దూస్తాడు. ఆమె లొంగుతుంది, ఒట్టు పెడుతుంది, పందుల్ని మునుపటికంటె పడుచుగా మార్చి యిస్తుంది. అందరూ అక్కడ ఏడాదిపాటు వుంటారు. ఇంటికి పోదామని గుర్తు చేసేది అనుచరులు. ఆ తరువాత సముద్రదారిలోని గండాలన్నీ ముందుగా వివరించి పంపేది కిర్కె. ఆమె ఏడాదిపాటు అతన్ని కట్టిపడేసిందని చెప్పుకునే కథలు యీ సంగతిని దాటవేస్తాయి.

చిత్రకారులు ఆమెను తమ తమ కాలం అవసరానికి తగినట్లు మార్చుకున్నారు. బోస్టన్ మ్యూజియంలో క్రీ.పూ. ఆరో శతాబ్దపు పానపాత్ర ఒకటున్నది. దానిమీద నగ్నంగా నిలబడి గిన్నె అందిస్తున్న కిర్కె చుట్టూ రకరకాల జంతువుల తలలున్న మనుషులు. అన్నీ పందులు కావు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని క్రీ.పూ. 440 ప్రాంతపు పెద్ద మట్టిపాత్ర మీద ఆమె పారిపోతున్నది. గిన్నె, మంత్రదండం చేతిలోంచి జారిపోతున్నాయి. వెనక కత్తితో ఒడిస్సియస్. భయపడుతున్న స్త్రీగా ఆమెను చూపిన బొమ్మ యిది. ఇక థీబ్స్ దగ్గరి కబీరియోన్ పుణ్యక్షేత్రంలో దొరికిన హాస్యపాత్రల మీద పొట్ట వేలాడే ఒడిస్సియస్, వికారపు ముఖంతో కిర్కె, పక్కనే నిలువెత్తు మగ్గం! మహావీరుణ్ణి ఎగతాళి చేసిన ఆ కుమ్మరివాళ్లు మగ్గాన్ని మరవలేదు.

రోమన్ కవి వర్జిల్ నాటికి మగ్గం చప్పుడు దూరంనుంచి మాత్రమే వినిపిస్తుంది. ఓవిడ్ ఆమెకు అసూయ తగిలించాడు. తనను కాదన్న ప్రియుడి ప్రేయసి స్కిల్లా స్నానమాడే నీళ్లలో విషం కలిపే కిర్కె అక్కడ పుట్టింది. తరువాతి యూరపు చిత్రకళకు ఎక్కువ పనికివచ్చింది యీ కిర్కెయే.

మధ్యలో ఒక పుస్తకం గురించి చెప్పకుండా వుండలేను. ఫ్లారెన్సు నగరంలో చేతిపని కుటుంబంనుంచి వచ్చిన జెల్లి 1549లో కిర్కె పేరుతో సంవాదాలు రాశాడు. జంతువులుగా మారిన 11 మంది గ్రీకుల్ని తిరిగి మనుషులవుతారా అని ఒడిస్సియస్ అడుగుతాడు. ఆల్చిప్పగా వున్నవాడు ఒకప్పటి జాలరి, వద్దంటాడు. చుంచుగా మారిన రైతూ వద్దంటాడు. లేడిగా మారిన స్త్రీ, మగవాడి కింద బానిసగా బతకడానికి నేను తిరిగి రానంటుంది. ఒప్పుకునేది ఏనుగు ఒక్కటే. అది పూర్వం తత్వవేత్త. జెల్లి ఉద్దేశం మానవ ఔన్నత్యాన్ని నిరూపించటమే అయివుండవచ్చు. అయినా పుస్తకంలో బలంగా మాట్లాడేది కష్టజీవులు. మనిషిగా వుండటం ఎవరికి లాభం అన్న ప్రశ్నను ఏనుగు ఒక్కటి తుడిచివేయలేదు.

ఇంగ్లండులో 1782 ప్రాంతంలో రామ్నీ అనే చిత్రకారుడు ఎమ్మా అనే యువతిని కిర్కెగా చిత్రించాడు. ఆమె కమ్మరి కూతురు, యిళ్లలో పనిచేసిన పిల్ల. బొమ్మలో ఆ చేతులకు పని ఆనవాలు లేదు. వందేళ్ల తరువాత, 1891లో వాటర్‌హౌస్ వేసిన చిత్రంలో కిర్కె సింహాసనం మీద కూర్చొని గిన్నె పైకెత్తుతుంది. పలచని వస్త్రం, కాళ్లదగ్గర పంది, వెనక గుండ్రని అద్దం, అద్దంలో అనుమానంగా చూస్తున్న ఒడిస్సియస్. చూసేవాడు తానే ఆ వీరుడననుకునే ఏర్పాటు! హోమర్ చెప్పిన మగ్గం మాయమై, ఆయన చెప్పని అద్దం వచ్చింది. ఇదే చిత్రకారుడు 1912లో పెనెలొపిని చిత్రించినప్పుడు ఆమెను మగ్గం ముందే కూర్చోబెట్టాడు. ఇల్లాలికి మగ్గం, మాయలాడికి అద్దం.

ఆ కిర్కె చిత్రం నేడున్నది ఓల్డ్‌హామ్ వూరి చిత్రశాలలో. ఓల్డ్‌హామ్ ఒకప్పుడు లంకషైరులోని నూలుమిల్లుల పట్టణం. ఆ లంకషైరు నూలూ, బట్టా మన తీరాన దిగి ఎన్ని మగ్గాలను మూలన పడేశాయో మా పేటలోని ముసలివాళ్లు తమ తాతల మాటగా యిప్పటికీ చెబుతారు. చిత్రకారుడు కుట్ర పన్నాడని నేననటం లేదు. నేసే చేతులు వేలసంఖ్యలో మిల్లుల్లో అరిగిపోతున్న కాలంలో గోడమీది స్త్రీకి పని లేకుండా వుండటం కొనేవాళ్లకు యింపుగా తోచివుంటుంది.

ఎదురుమాట స్త్రీలనుంచి వచ్చింది. అగస్టా వెబ్‌స్టర్ 1870లోనే కిర్కె చేత స్వయంగా మాట్లాడించింది. ఆ గిన్నె ఎవరినీ మార్చదు, వేషం తొలగిస్తుందంతే అనిపించింది. మార్గరెట్ ఆట్‌వుడ్ 1974లో కవితలు రాసింది. 1977లో అమెరికన్ నల్లజాతి చిత్రకారుడు రొమేర్ బేర్డెన్ రంగుకాగితాలు అతికించి కిర్కెను నల్ల స్త్రీగా నిలబెట్టాడు. మాడలిన్ మిల్లర్ 2018 నాటి నవలలో మగ్గం తిరిగి వచ్చింది. నావికుల అత్యాచారం ఆమె కోపానికి కారణమైంది. హోమర్ వదిలిన ఖాళీని మిల్లర్ ధైర్యంగా పూరించింది. అయితే అది ఒక స్త్రీ సొంత పగగా మిగిలిందేమోనని నా అసంతృప్తి. ఇస్మారస్‌లో పంపకమైన స్త్రీల లెక్క ఎవరు అడగాలి?

నెల తరువాత ఆ పిల్లను పిలిచి నాకు దొరికిన జవాబు చెప్పాను. బట్ట పూర్తయినట్టు హోమర్ ఎక్కడా చెప్పలేదమ్మా, కాని బయల్దేరే తెల్లవారుజామున కిర్కె ఒడిస్సియస్‌కు ఒక అంగీ, ఒక పైబట్ట తొడిగింది, బహుశా అదే కావచ్చు అన్నాను. ఆ పిల్ల కాస్త ఆలోచించి, "ఏడాదంతా నేస్తే ఒక్క జతేనా సార్?" అన్నది.