ఆయిల్ వయసు కిలోమీటర్లలో లేదు

వేగం మీద ఇష్టంతో కారు కొన్నవాళ్లు ఇంజిన్ ఆయిల్ కోసం దుకాణానికి వెళితే దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు: వీటిలో అన్నిటికంటే మంచిది ఏది? దుకాణదారు పై అరలోంచి ఖరీదైన డబ్బా దించుతాడు. దాని మీద ‘ఫుల్లీ సింథటిక్’ అని పెద్ద అక్షరాలు, రేసు కారు బొమ్మ ఉంటాయి. ఆ ఆయిల్ పోయించాక ఇక ఏడాదిదాకా బానెట్ తెరవక్కర్లేదన్న ధీమాతో తిరిగేవాళ్లే ఎక్కువ. నా ఉద్దేశంలో ఇక్కడ ఖర్చు ఒకచోట, అవసరం ఇంకోచోట ఉన్నాయి. టర్బో ఉన్న ఇంజిన్‌కైనా, ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో తిప్పే ఇంజిన్‌కైనా కారు కంపెనీ ఆమోదించిన మామూలు ధర సింథటిక్ ఆయిల్ పోసి త్వరగా మార్చేస్తే, అతి ఖరీదైన ఆయిల్‌ని గడువు చివరిదాకా లాగడం కంటే ఎంతో మేలు జరుగుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు లేబుల్ మీది మాటల్లో ఎంత బరువుందో తూచాలి.

‘సింథటిక్’ అన్న మాటతోనే మొదలుపెడదాం. అమెరికాలో మొబిల్ 1 ఆయిల్ 1974లో మార్కెట్‌కి వచ్చినప్పుడు ఆ మాటకు అర్థం సూటిగా ఉండేది. ముడి చమురును వడగట్టి శుద్ధి చేస్తే వచ్చిన నూనె కాదు. చిన్న అణువులను ఫ్యాక్టరీలో ఒకదానికొకటి జతచేసి కట్టిన నూనె. దాన్ని పీఏఓ అంటారు. పరిశ్రమ వర్గీకరణలో అది నాలుగో గ్రూపు. ఆ తరువాత ముడి చమురు నుంచి వచ్చిన నూనెనే అధిక పీడనంలో హైడ్రోజన్‌తో చర్య జరిపి, అణువుల రూపాన్నే మార్చే పద్ధతి బాగా ముదిరింది. అలా వచ్చిన మూడో గ్రూపు నూనెను కూడా సింథటిక్ అని అమ్మవచ్చా అన్న తగాదా మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్య రేగి, అమెరికాలో ప్రకటనల మంచిచెడ్డలు చూసే సంస్థ దగ్గరికి వెళ్లింది. 1999లో తీర్పు క్యాస్ట్రాల్‌కి అనుకూలంగా వచ్చింది. అప్పటినుంచి ఆ మాట ఒక రసాయనం పేరుగా కాక అమ్మకపు పేరుగా స్థిరపడింది. దీన్ని మోసం అనడం అన్యాయమవుతుంది. మూడో గ్రూపు నూనెలు నిజంగా మంచివి. సహజవాయువు నుంచి తయారుచేసినవైతే మరీ శుభ్రమైనవి. అయితే ‘సింథటిక్’ అన్న ఒక్క మాట చూసి ఆయిల్ తెచ్చుకుంటే, ఆ డబ్బాలో ఏముందో తెలిసినట్టు కాదు.

లేబుల్ మీది అంకెలు ఇంకొంచెం నయం, కానీ అవీ సగమే చెబుతాయి. 5డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. మన ఊళ్లలో మంచు పడదు గనుక ఆ అంకెతో పనిలేదని షెడ్లలో తరచూ వినిపించే మాట. అది పొరపాటు. 0డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల పని వేడిలో ఉన్నప్పటికంటే 25 డిగ్రీల్లో సుమారు పదిరెట్లు చిక్కగా ఉంటుంది. రామగుండంలో మే నెల 45 డిగ్రీల ఎండలో నిలబెట్టిన కారులో కూడా పని వేడికంటే నాలుగైదు రెట్లు చిక్కగానే ఉంటుంది. ఇంజిన్ లెక్కలో అదీ చలికాలమే. మొదటి అంకె చిన్నదైతే స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో ఆయిల్ పైదాకా త్వరగా చేరుతుంది. రెండో అంకె వేడెక్కాక మిగిలే చిక్కదనం. దీని వెనుక లేబుల్ మీద కనిపించని ఇంకో కొలత ఉంది. బేరింగు సందులో ఆయిల్ ఎలా నలుగుతుందో అలాగే 150 డిగ్రీల్లో నలిపి, అప్పుడు ఎంత చిక్కదనం మిగిలిందో చూస్తారు. 30 గ్రేడుకి అది కనీసం 2.9 ఉంటే చాలు. కానీ యూరప్ తయారీదారుల సంఘం పెట్టిన సీ3 ప్రమాణానికి తూగాలంటే 30 గ్రేడు ఆయిల్ అయినా కనీసం 3.5 చూపాలి. అంటే అంగట్లో పక్కపక్కనే ఉన్న రెండు 5డబ్ల్యూ-30 డబ్బాల్లో ఒకటి మైలేజీ కోసం పలచబరిచినది, ఇంకొకటి జర్మన్ టర్బో ఇంజిన్ వేడిని తట్టుకోవడానికి కట్టినది కావచ్చు. ముందువైపు అంకె చూస్తే రెండూ ఒకటే.

అందుకే చూడవలసింది డబ్బా వెనకవైపు, సన్న అక్షరాల్లో ఉండే అప్రూవల్ నంబరు. ఫోక్స్‌వాగన్ 504 00, మెర్సిడెస్ 229.5, బీఎండబ్ల్యూ ఎల్ఎల్-01, పోర్షా ఏ40 ఇలాంటివి. ఆ కంపెనీ తన ఇంజిన్ల మీద పరీక్ష పెట్టి నెగ్గిన ఆయిల్‌కే ఆ నంబరు ఇస్తుంది. ఇక్కడ ఒక చిన్న మాట పట్టుకోవాలి. ‘అప్రూవ్డ్’ అని ఉంటే కారు కంపెనీ ఒప్పుకున్నట్టు. ‘సూటబుల్ ఫర్’ అనో, ‘మీట్స్’ అనో ఉంటే ఆయిల్ కంపెనీ తనకు తాను చెప్పుకుంటున్నట్టు. టర్బో పెట్రోల్ కార్లవాళ్లు దీంతోపాటు ఏపీఐ అక్షరాలు కూడా చూడాలి. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే చిన్న టర్బో ఇంజిన్లలో, తక్కువ ఆర్‌పీఎమ్‌లో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, స్పార్కు పడకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్లు పగిలే జబ్బు ఒకటి బయటపడింది. ఆయిల్‌లో కాల్షియంతో చేసిన డిటర్జెంటు ఎక్కువైతే ఆ జబ్బు ముదురుతుందని తేలింది. దాంతో కాల్షియం తగ్గించి మెగ్నీషియం కలిపిన ఆయిళ్లు వచ్చాయి. 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాలు పుట్టాయి. కాబట్టి పాత ఎస్ఎల్, ఎస్ఎం డబ్బా ఎంత పేరున్న కంపెనీదైనా, ఎంత చవగ్గా దొరికినా ఈ ఇంజిన్లలో పోయకూడదు.

ఇంజిన్ చేసే పనిని బట్టే ఆయిల్ మారుతుందనడానికి కారు కంపెనీల నిర్ణయాలే సాక్ష్యం. ఫోర్డ్ తన మస్టాంగ్ జీటీలోని 5 లీటర్ల వీ8 ఇంజిన్‌కి 5డబ్ల్యూ-20 చెప్పిన రోజుల్లోనే, ఆ కుటుంబంలోదే అయిన బాస్ 302 ఇంజిన్‌కి 5డబ్ల్యూ-50 చెప్పింది. ఆ కారు ట్రాక్ కోసం పుట్టింది గనుక. 2014 మోడల్‌గా వచ్చిన షెవ్రొలే కార్వెట్‌కి రోజువారీ వాడకానికి 5డబ్ల్యూ-30, ట్రాక్ మీదికి వెళితే 15డబ్ల్యూ-50 అని మాన్యువల్‌లోనే ఉండేది. 2019 నుంచి రెండిటికీ కలిపి 0డబ్ల్యూ-40 చేశారు. జనరల్ మోటార్స్ 2025 ఏప్రిల్‌లో 6.2 లీటర్ల వీ8 ఇంజిన్ ఉన్న ట్రక్కులు, ఎస్‌యూవీలు అమెరికాలో సుమారు 6 లక్షలు వెనక్కి పిలిచింది. అసలు లోపం క్రాంక్ షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ల తయారీలో ఉంది. దానికి ఆయిల్‌ని తప్పుపట్టలేం. అయినా పరీక్షలో నెగ్గిన బళ్లకు కంపెనీ చేసిన మార్పుల్లో ఒకటి 0డబ్ల్యూ-20 తీసి 0డబ్ల్యూ-40 పోయడం. మైలేజీ నిబంధనల ఒత్తిడి వల్ల ఆయిల్ ఎంత పలచబడిందో, ఇంజిన్ ఇబ్బందిలో పడ్డప్పుడు ఆ పలచదనం ఎంత తక్కువ వెసులుబాటు ఇస్తుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అలాగైతే చిక్కటి ఆయిల్ పోసేస్తే పోలేదా అని అడగవచ్చు. నేను ఒప్పుకోను. పాత ఎం3 ఇంజిన్లకు 10డబ్ల్యూ-60 చెప్పిన బీఎండబ్ల్యూయే తరువాతి టర్బో ఎం ఇంజిన్లకు 30 గ్రేడుకి దిగింది. బేరింగు సందులు, ఆయిల్ పంపు, కూలింగ్ ఏర్పాటు అన్నీ కలిపి చేసే లెక్క అది. వాల్వుల టైమింగ్ మార్చే యంత్రాంగం ఆయిల్ ఒత్తిడితోనే కదులుతుంది. సన్నని దారుల్లోంచి చిక్కటి ఆయిల్ నెమ్మదిగా వెళుతుంది, వేడిని నెమ్మదిగా మోసుకుపోతుంది. మాన్యువల్‌లో ఇచ్చిన గ్రేడుల్లో చిక్కనిది ఎంచుకోవడం ఒకటి, మాన్యువల్ దాటి పోయడం ఇంకొకటి.

ఇక గడువు సంగతి. నా వాదనకు అసలు బలం ఇక్కడే ఉంది. ఆయిల్‌ని ముసలిదాన్ని చేసేది దూరం కాదు. వేడి, పెట్రోలు, నలుగుడు. నూనె ఆక్సీకరణ వేగం వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఇంచుమించు రెట్టింపవుతుందని రసాయన ఇంజినీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది. సంపులో 100 డిగ్రీల దగ్గర ఉండే ఆయిల్, ట్రాక్ మీదో, ఘాట్ రోడ్డు ఎక్కుతూనో 130కి చేరితే ఆ ప్రతి నిమిషం ఎనిమిది నిమిషాలతో సమానం. టర్బో ఇరుసు దగ్గరైతే వేడి ఇంకా ఎక్కువ. గట్టిగా తోలి వచ్చి వెంటనే ఇంజిన్ ఆపేస్తే అక్కడ నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గుపొర కడుతుంది. పెట్రోలు సంగతి దీనికి తలకిందులు, అది చలి జబ్బు. ఇంజిన్ వేడెక్కకముందు సిలిండర్ గోడల మీద పడ్డ పెట్రోలు రింగుల సందుల్లోంచి సంపులోకి జారి ఆయిల్‌ని పలచన చేస్తుంది. మన దేశంలో ఇప్పుడు మామూలైపోయిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఆవిరి కావడానికి ఎక్కువ వేడి కావాలి, పైగా అదే శక్తికి కాస్త ఎక్కువ ఇంధనం చిమ్మాలి. దూరప్రయాణం చేస్తే ఆ తేమ, ఇథనాల్ ఆవిరై పోతాయి. ఇంటినుంచి ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే కారులో పేరుకుంటాయి. ఇక నలుగుడు: చిక్కదనం నిలబెట్టడానికి కలిపిన పొడవాటి పాలిమర్ అణువులు గేర్లు, గొలుసుల మధ్య తెగిపోతూ వస్తాయి. 40 గ్రేడు ఆయిల్ 30 గ్రేడులోకి జారిపోవడం ఇలాగే.

కాలం లెక్క వేస్తే దూరం లెక్క ఎంత బూటకమో తెలుస్తుంది. హైవే మీద సగటున గంటకు 80 కిలోమీటర్ల వేగంతో 10,000 కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ 125 గంటలు పనిచేసింది. హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో సగటున 20 కిలోమీటర్ల చొప్పున అదే దూరం తిరిగింది 500 గంటలు పనిచేసింది. ఓడోమీటర్ మీద రెండూ సమానం.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం: వేలమంది ఇంజినీర్లు కూర్చుని 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని నిర్ణయిస్తే, మనమెవరం కాదనడానికి? మన దగ్గర ఫోక్స్‌వాగన్, స్కోడా టీఎస్ఐ కార్ల గడువు అదే. హ్యుందాయ్ టర్బోలది 10,000. ఇంజినీర్ల మీద గౌరవంతోనే జవాబు చెబుతాను. ఆ గడువు ఇంజిన్ ఆయుష్షు ఒక్కదాన్నే చూసి పెట్టింది కాదు. నిర్వహణ ఖర్చు ప్రత్యర్థి కారుకంటే తక్కువ కనబడాలి, పారబోసే ఆయిల్ తగ్గాలి, వారంటీ కాలం సాఫీగా గడవాలి. ఇవన్నీ సబబైన లెక్కలే, కాకపోతే పన్నెండేళ్లు కారు ఉంచుకోవాలనుకునే యజమాని లెక్క వేరు. పైగా గడువులు రాతిమీద చెక్కినవి కావు: అమెరికాలో 15,000 మైళ్లు, రెండేళ్లు అన్న బీఎండబ్ల్యూయే దాన్ని 10,000 మైళ్లు, ఏడాదికి తగ్గించుకుంది. అన్నిటికంటే ముఖ్యం, చాలా మాన్యువళ్లలో ‘కఠినమైన వాడకం’ అన్న భాగం ఒకటుంటుంది. దుమ్ము, తీవ్రమైన వేడి, తరచూ చిన్న ప్రయాణాలు, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్ ఉంటే గడువు తగ్గించమని అక్కడే చెబుతారు. ఆ జాబితా చదివితే హైదరాబాద్, విజయవాడ రోడ్ల వర్ణన చదివినట్టే ఉంటుంది. త్వరగా మార్చడమంటే మాన్యువల్‌ని కాదనడం కాదు, దాన్ని పూర్తిగా చదవడం.

డ్యాష్‌బోర్డే చెబుతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. జనరల్ మోటార్స్ ఆయిల్ లైఫ్ పద్ధతి ఇంజిన్ చుట్లు, వేడి లెక్కపెట్టి అంచనా వేస్తుంది. వట్టి కిలోమీటర్ల కంటే అది చాలా మెరుగు. అయినా ఆయిల్‌ని తాకి చూడదు. అందులో ఎంత పెట్రోలు కలిసిందో, ఎయిర్ ఫిల్టర్ దాటి ఎంత దుమ్ము చేరిందో దానికి తెలియదు. అవి తెలియాలంటే వాడిన ఆయిల్‌ని ల్యాబ్‌లో పరీక్షించాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది సులువు, చిన్న సీసాడు ఆయిల్ పోస్టులో పంపితే రిపోర్టు వస్తుంది. ఇక్కడ ఎక్కువగా భారీ యంత్రాలకే చేయిస్తున్నారు గానీ ఖరీదైన కారున్నవాళ్లు ప్రయత్నించదగ్గది. రిపోర్టులో సిలికాన్ పెరిగితే దుమ్ము లోపలికి వస్తోందని, సీసం, రాగి పెరిగితే బేరింగులు అరుగుతున్నాయని, చిక్కదనం గ్రేడుకంటే పడిపోయి పెట్రోలు శాతం పెరిగితే గడువు ఎక్కువైందని అర్థం.

ఇలా అన్నానని రెండు వేల కిలోమీటర్లకోసారి మార్చమని కాదు. అరుగుదలను ఆపే జింకు, ఫాస్ఫరస్ పొర లోహం మీద ఏర్పడటానికి వేడి, కాలం కావాలి. మరీ త్వరగా మారిస్తే కలిసొచ్చేదేమీ లేదు, పారబోసేది పెరుగుతుంది. హైవేల మీద ఎక్కువ తిరిగే టర్బో కారుకి 8,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఊళ్లోనే తిరిగే దానికి 5,000 లేదా ఆరు నెలలు, చెన్నై, నోయిడా ట్రాక్‌ల మీదికి తీసుకెళ్లే కారుకి రెండు మూడు ట్రాక్ రోజులకోసారి అన్నది నా అంచనా. వారంటీలో ఉన్నంతకాలం ఆయిల్ అప్రూవల్ నంబరుతో సహా బిల్లు దాచుకోవాలి. ఫిల్టర్ కూడా ప్రతిసారీ మార్చాలి. దించిన ఆయిల్ మురిక్కాలువలో పడకుండా, తిరిగి శుద్ధి చేసేవారికి అమ్మే షెడ్డునే ఎంచుకోవాలి. ఈ ఇంజిన్లు కొంత ఆయిల్‌ని తాగుతాయి కూడా. మట్టం తగ్గిన కారు మలుపులో గట్టిగా వంగితే ఆయిల్ అంతా ఒక పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది, ఆ క్షణంలో సంపులో ఉన్నది ఏ కంపెనీ ఆయిల్ అయినా బేరింగుకు అందదు. అందుకే నెలకు రెండుసార్లు, చదునైన నేల మీద, డిప్‌స్టిక్ తీసి చూడాలి.