కోట నుండి ఠాణాకు

విజయవాడకు వాయవ్యదిశను, కొయ్యబొమ్మలకు పేరొందిన కొండపల్లి కలదు. ఆ యూరి కొండలమీద ప్రాచీనమైన దుర్గమొకటి యున్నది. పదునాలుగవ శతాబ్దిలో దానిని రెడ్డిరాజులు కట్టించిరి. పిమ్మట గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, గోలకొండ సుల్తానులు, మొగలాయీలు ఒకరి తరువాత ఒకరు దానిని వశపరచుకొనిరి. 1766లో ఇంగ్లీషు కంపెనీవారు దానిని పట్టుకొని, అందు సిపాయిల దండును నిలిపిరి. ఒకదాని వెనుక ఒకటిగా మూడు ద్వారములు, శిథిలమైన రాజమహలు, కోనేరు, సైనికుల నివాసములు నేటికిని అచట కానవచ్చును.

1859లో వ్యయము తగ్గించుటకై ప్రభుత్వమువారు ఆ దండును తీసివేసిరి. ఆ యేటనే మచిలీపట్టణము, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణాజిల్లాను ఏర్పరచిరి. ఆ యేటనే చెన్నపురి రాజధానికంతటికిని పోలీసు చట్టము వచ్చెను. ఈ మూడును ఒక్క యేట జరుగుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని కోటతో దేశమును కాపాడు కాలము పోయి, ఠాణాతో కాపాడు కాలము వచ్చినదని ఆ సంవత్సరము మనకు చెప్పుచున్నది.

అంతకు పూర్వము గ్రామములలో రక్షణభారము ఎవరిది? ఊరికి తలారులు, కావలివారు ఉండెడివారు. 1816 నుండి కలెక్టరు క్రింద తహశ్శీలుదారే పోలీసు అధికారియు అయ్యెను. శిస్తు వసూలు చేయు బంట్రోతే దొంగను పట్టెడివాడు. ఇందొక గొప్ప దోషము కలదు. శిస్తు బాకీపడిన రైతును బంట్రోతు హింసించినచో, ఆ రైతు ఎవరితో మొఱపెట్టుకొనవలెను? కొట్టినవాడును విచారించువాడును ఒక్క కచేరిలోనివారే గదా!

ఈ హింసల వార్త ఇంగ్లండులోని పార్లమెంటు దాకా పోయెను. విచారణకై చెన్నపురిలో ముగ్గురు సభ్యులతో ఒక సంఘమును నియమించిరి. ఆ సంఘము 1855లో తన నివేదికను సమర్పించెను. బెజవాడ ఆనకట్ట పూర్తియైనదియు ఆ యేటనే. ఎండలో నిలువబెట్టుట, వంగదీసి వీపున రాయి పెట్టుట, కిట్టి యను పేర రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్లు నొక్కుట మున్నగునవి నిజముగా జరుగుచున్నవని సంఘమువారు తేల్చిరి. శిస్తు పనిని, పోలీసు పనిని వేఱుచేయుట ఆవశ్యకమని స్పష్టమయ్యెను. 1859 నాటి చట్టము పోలీసులకు ప్రత్యేకాధికారులను ఏర్పరచెను. 1861లో దేశమంతటికిని ఇట్టి చట్టమే వచ్చెను. పోలీసు అధికారి యెదుట చేసిన నేరాంగీకారమును న్యాయస్థానములో ముద్దాయిపై ఋజువుగా వాడరాదను నియమము కూడ ఆ కాలముననే పుట్టినది. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమములోను ఆ నియమము నిలిచియున్నది.

అయినను చట్టము పుట్టినంతమాత్రమున దౌర్జన్యము పోలేదు. పరప్రభుత్వపు పోలీసులు ప్రజలకు జవాబుదారులు కారు. 1930లో మచిలీపట్టణపు కోనేరు సెంటరులో తోట నరసయ్యనాయుడు జాతీయపతాకమును ఎగురవేయబోగా పోలీసులు ఆయనను లాఠీలతో మోదిరి. స్మృతి తప్పువఱకు ఆయన దెబ్బలు తినెనే గాని పతాకమును విడువలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటనే రక్షకభటుడు రాజుగారి బంటు గాక, ప్రజల సేవకుడు కావలెనను ఆశయము నెలకొన్నది.

ఈ చరిత్రకు సాక్ష్యములుగా నిలుచు వస్తువులను కొన్నిచోట్ల భద్రపఱచుచున్నారు. 1953 వఱకు కృష్ణాజిల్లాకు రాజధానిగా నుండిన చెన్నపట్టణములో, ఎగ్మూరున, పూర్వపు పోలీసు కమీషనరు కార్యాలయము కలదు. ప్రభుత్వమువారు 1856లో కొన్న గృహమది. 2013లో కార్యాలయము వేఱొక భవనమునకు మారగా, 2021లో ఆ పాత కట్టడమును పోలీసు ప్రదర్శనశాలగా తెఱచిరి. నాటి ఆయుధములు, దుస్తులు, వైర్‌లెస్ యంత్రములు అచట చూడవచ్చును. ఒకప్పుడు ప్రజలు భయముతో మెట్లెక్కిన భవనములోనికి నేడు బాలబాలికలు కుతూహలముతో ప్రవేశించుచున్నారు.

కొండపల్లి దుర్గమును నేడు పురావస్తుశాఖవారు సంరక్షించుచున్నారు. దాని ద్వారములు దాటుటకు ఇప్పుడు ఎవరి అనుగ్రహమును వేడనక్కఱలేదు. అచటి గోడల బలిమిని చూచి ఆశ్చర్యపడుట సహజమే. కాని విద్యార్థులు ఒక సంగతి మఱవరాదు. గోడలెంత ఎత్తైనను ఆ కోట పలుమారులు చేతులు మాఱినది. బలహీనుడు నిర్భయముగా మొఱపెట్టుకొనగల చోటున్న రాజ్యమే నిజముగా దుర్భేద్యమైనది.