దుమ్ము మనకు, మాట ఇంకొకరికా?



స్విచ్చి వేస్తే మన ఇంట్లో దీపం వెలుగుతుంది. ఆ కరెంటులో కొంత భూపాలపల్లి దగ్గర చెల్పూరులో, కాకతీయ థర్మల్ కేంద్రంలో తయారవుతుంది. అక్కడ ఒక యూనిట్ 500 మెగావాట్లు, రెండోది 600. అక్కడ సింగరేణి బొగ్గు వాడతారు. కరెంటు రాష్ట్రమంతా పోతుంది గానీ బొగ్గు దుమ్ము, బూడిద అంత దూరం పోవు కదండీ! లారీలు తిరిగే దారి పక్కన కాపురమున్న ఇల్లాలు పొద్దున తుడిచిన గచ్చు మధ్యాహ్నం మళ్ళీ తుడుస్తుంది. ఆరేసిన బట్టలు దులిపి మడతపెడుతుంది. పిల్లవాడు రాత్రి దగ్గితే లేచి కూర్చుంటుంది. లాభం అందరిదీ, దుమ్ము కొందరిదీ అయినప్పుడు ఆ కొందరి మాట ముందుగా వినాలి. పర్యావరణ న్యాయం అంటే, పేరు పెద్దదే గానీ, సంగతి ఇదే.

మరి వింటారా అంటే, వినాలనే నిబంధన ఉంది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2006లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, పెద్ద గని గానీ విద్యుత్ కేంద్రం గానీ పెట్టే ముందు సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి. కలెక్టరాఫీసులో చూడవచ్చు. ఆ ప్రకటన మన ఇంటికొచ్చే పేపర్లోనే పడుతుంది. టెండర్ల పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది కనుక మనం పేజీ తిప్పేస్తాం, అంతే.

సభలో మగవాళ్ళు ఉద్యోగాల గురించి, నష్టపరిహారం గురించి మాట్లాడతారు. అవీ కావలసినవే. కానీ బోరు నీళ్ళు ఎప్పటినుంచి రంగు మారాయో, ఇంట్లో ఎవరికి ఆయాసం వస్తోందో మనకంటే బాగా ఎవరు చెప్పగలరు? ఇంగ్లీషు అక్కరలేదు, ఉపన్యాసమూ అక్కరలేదు. లేచి, పేరూ ఊరూ చెప్పి, ఉన్నది చెబితే చాలు. వీడియో తీస్తారు. చివర్లో జనం ఏమన్నారో రాసినది మన భాషలో చదివి వినిపించాలి, కలెక్టరు గానీ ఆయన ప్రతినిధి గానీ అదే రోజు సంతకం పెట్టాలి. అందుకని వంటకు వేళయిందని మధ్యలో లేచి రాకండి. ఆ పూట ఇంట్లోవాళ్ళు చల్దన్నం తింటే కొంప మునగదు. మీ మాట ఆ కాగితంలో లేకపోతే అడగవలసింది అప్పుడే.

ఈ నిబంధనలను మార్చాలని 2020లో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చింది. జనం జవాబు చెప్పడానికిచ్చే 30 రోజులను 20కి తగ్గించాలన్నది అందులో ఒక మాట. అభ్యంతరాలుంటే చెప్పమన్నారు గానీ, దాన్ని ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఇచ్చారు! చదవలేనిదానికి ఏం జవాబు రాస్తామండీ? ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న గడువు పెంచి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించమంది. అందులో మన తెలుగూ ఉంది. చట్టం మారేటప్పుడు అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

మాకు గనులూ లేవు, బూడిదా లేదు, జనగామలోనో మహబూబాబాద్‌లోనో ఉన్నాం, మాకెందుకంటారా? మీ వీధి మోరీ మాటేమిటి? మధ్యప్రదేశ్‌లో రత్లాం అని ఒక ఊరుంది. అక్కడి ఒక వార్డువాళ్ళు మురుక్కంపు భరించలేక మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళారు. కాలువలు కట్టమని మేజిస్ట్రేటు అంటే, డబ్బు లేదని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెబుతూ, జనం ఆరోగ్యం విషయంలో డబ్బు లేదనే సాకు చెల్లదన్నారు. అప్పుడు వాళ్ళకు అక్కరకొచ్చింది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను వచ్చింది. దాని కింద ఆర్డీవోకు అర్జీ పెట్టుకోవచ్చు. మోరీ ఫోటో, మున్సిపాలిటీకి ఇదివరకు ఇచ్చిన కాగితాల నకళ్ళు జతచేయండి. ఒకరు కాక పదిమంది సంతకాలు పెడితే మరీ మంచిది.

వకీలు ఖర్చు ఎవరు పెడతారని భయపడకండి. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవాళ్ళకు, ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. ఇది మనలో నూటికి తొంభైమందికి తెలియదేమో! 2016లో జిల్లాలు విడిపోయాక కూడా జిల్లా కోర్టు పనికి వరంగల్ బస్సు ఎక్కవలసి వచ్చేది. 2022 జూన్ నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వేరువేరు న్యాయ జిల్లాలయ్యాయి. కోర్టు దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఎక్కడని అడిగితే చెబుతారు. ఫోను చేయాలంటే నంబరు 15100.

ఆ సంస్థవాళ్ళు ఊళ్ళలో, వాడల్లో న్యాయ విజ్ఞాన సదస్సులు పెడుతుంటారు. ఈ నీళ్ళ సంగతీ దుమ్ము సంగతీ చెప్పే సదస్సు మా వాడలో పెట్టమని మీ మహిళా సంఘం తరఫున ఒక అర్జీ ఇవ్వండి. పెట్టేది మాత్రం మధ్యాహ్నం రెండు దాటాక అని రాయండి. పొద్దున పదింటికి పెడితే మనలో వచ్చేదెవరు?