అందరూ తినదగిన ఒక్క వంటకం



గత సంవత్సరం మన తెలుగు తరగతిలో జరిగిన సహపంక్తి భోజనం మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ప్రతి ఇంటి నుండి ఒక వంటకం వచ్చినది. బల్ల మీద పులిహోర, పెరుగన్నం, కోడికూర, నాసి లెమాక్, తూటికూర వేపుడు వరుసగా ఉన్నవి. గిన్నెల ముందు చీటీలు రాసి పెట్టినది నేనే. తూటికూర ముందు “శాకాహారం” అని రాశాను. ఆకుకూరే కదా అనుకున్నాను.

ఒక బాలిక రెండు ముద్దలు తిన్న తరువాత ఆగి, వాసన చూసి, కంచాన్ని మెల్లగా పక్కన పెట్టినది. ఆ వేపుడులో బెలాచాన్ ఉన్నది. చిన్న రొయ్యలను ఉప్పుతో కలిపి, పులియబెట్టి, ఎండబెట్టి, దంచి చేసే ముద్ద బెలాచాన్. ఆ బాలిక ఇంట మాంసం గాని, చేప గాని, గుడ్డు గాని వండరు. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. వేరొక కంచంలో తెల్లని అన్నం, దోసకాయ ముక్కలు పెట్టుకొని తిన్నది. ఆ చీటీ రాసినది నేనే గనుక ఈ వ్యాసం రాయవలసిన బాధ్యత కూడా నాదే.

శాకాహారం అనే మాటను మనం చాలా తేలికగా వాడుతాము. మన ఇండ్లలో ఆ మాటకు మాంసం, చేప, గుడ్డు లేని భోజనం అని అర్థం. పాలు, పెరుగు, నెయ్యి అందులో చేరే ఉంటవి. నెయ్యి వేయని పప్పన్నాన్ని మన పెద్దలు భోజనంగానే లెక్కించరు! పాలు, గుడ్లు కూడా మానినవారికి వేరొక పేరు కావలెనని 1944లో ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు ‘వీగన్’ అనే మాటను ఎన్నుకొని, ఆ పేరుతోనే ఒక సంఘాన్ని స్థాపించారు. ఇంగ్లీషులో ‘వెజిటేరియన్’ అనే మాటలోని మొదటి మూడు అక్షరాలను, చివరి రెండు అక్షరాలను కలిపితే ‘వీగన్’ అవుతుంది. ఈ భోజనంలో తేనె కూడా ఉండదు.

మాట కొత్తదే గాని ఇటువంటి వంట చాలా పాతది. మన పట్టణాలలో చైనీయుల పంచాంగం ప్రకారం తొమ్మిదవ నెలలో తొమ్మిది దినాలు పసుపుపచ్చని జెండాలు కట్టిన భోజనశాలలను మీరు చూసి ఉంటారు. నవ చక్రవర్తి దేవతల ఉత్సవం అది. ఆ దినాలలో భక్తులు మాంసం మానుతారు. చాలామంది ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. కార్తీక మాసంలో ఉల్లి మానే ఇండ్లు మనలోనూ ఉన్నవి గనుక ఇది మనకు వింత కాదు.

అయితే పాలు, నెయ్యి లేకుండా వంటకు రుచి ఎట్లా వస్తుంది? ఈ ప్రశ్నకు నాకు తెలిసిన ఉత్తమమైన సమాధానం ఇథియోపియా దేశపు వంటిల్లు.

ఆ దేశంలోని ఆర్థొడాక్స్ క్రైస్తవులకు బుధవారం, శుక్రవారం ఉపవాస దినాలు. ఈస్టరు పండుగకు ముందు 55 దినాల పెద్ద ఉపవాసం ఉన్నది. ఉపవాసమంటే ఏమీ తినకుండుట మాత్రమే కాదు. తినే వేళకు కూడా మాంసం, పాలు, వెన్న, గుడ్డు లేని భోజనమే తినవలెను. సంవత్సరంలో ఇన్ని దినాలు అట్లా తినవలసి వచ్చినందువలన అక్కడి ఇల్లాండ్రు పప్పుధాన్యాలతో ఎన్నో వంటకాలను వృద్ధి చేశారు. మామూలు దినాలలో వారు సుగంధ ద్రవ్యాలతో కాచిన వెన్నను వాడుతారు. ఉపవాస దినాలలో దానికి బదులు నూనె వాడుతారు. మిసిర్ వొట్ అనేది మైసూరుపప్పు కూర. ఉల్లిపాయలను సన్నగా తరిగి, నూనె వేయకుండానే, సన్నని సెగ మీద చాలాసేపు కలుపుతూ మగ్గబెడతారు. తరువాతనే నూనె వేసి, బెర్బెరే అనే మసాలా పొడి వేస్తారు. అందులో ఎండుమిరప, మెంతులు, ధనియాలు, అల్లం ఉంటవి. ఆ వాసన వస్తే మన వంటింటిలో ఉన్నట్లే తోస్తుంది.

ఆ కూరను ఇంజెరా అనే రొట్టెతో తింటారు. తెఫ్ అనే అతి చిన్న గింజల పిండిని కొన్ని దినాలు పులియబెట్టి, దోసె వలె ఒక వైపే కాలుస్తారు. ఒకే వెడల్పు పళ్ళెంలో ఇంజెరా పరచి, దాని మీద కూరలు కుప్పలుగా పెడతారు. అందరూ చుట్టూ కూర్చుండి అందులో నుండే తింటారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మన బల్ల చివర తెల్లని అన్నంతో ఒంటరిగా కూర్చున్న ఆ బాలిక గుర్తుకు వచ్చినది.

అరబ్బు దేశాలవారు ఉడికించిన శనగలను నువ్వుల ముద్దతో కలిపి నూరి హుమ్ముస్ చేస్తారు. ఈజిప్టువారు అన్నం, పప్పు, మాకరోనీ కలిపి, పైన టమాటా పులుసు, వేయించిన ఉల్లి వేసి కొషరీ చేస్తారు. వీటిని గురించి మరొకసారి రాస్తాను. మనకు చాలా దగ్గరగా, మన బజారులోనే దొరికే టెంపేను గురించి ఇప్పుడు వివరంగా తెలుసుకొందాము.

టెంపే పుట్టిల్లు జావా ద్వీపం. 19వ శతాబ్ది ఆరంభంలో కూర్చబడిన ‘సెరాత్ చెంతినీ’ అనే జావా గ్రంథంలో దీని ప్రస్తావన ఉన్నది. సోయా గింజలను రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, ఉడికించి, చల్లార్చి, తడి లేకుండా ఆరబెడతారు. తరువాత రైజోపస్ అనే బూజు పొడిని కలిపి, అరటి ఆకులో గాని, చిన్న రంధ్రాలు పొడిచిన ప్లాస్టిక్ సంచిలో గాని చుట్టిపెడతారు. మన వాతావరణపు వేడి, అనగా 30 డిగ్రీలకు కొంచెం పైన, దానికి సరిగా సరిపోతుంది. ఒకటిన్నర నుండి రెండు దినాలలో తెల్లని దారాలు అల్లుకొని గింజలన్నీ ఒక పలకగా గట్టిపడతవి.

బూజు అనగానే ముఖం చిట్లించవద్దు. ఇడ్లీ పిండిని పొంగించేవి కూడా కంటికి కనబడని సూక్ష్మజీవులే. ఇడ్లీలో పని చేసేది బాక్టీరియా, టెంపేలో పని చేసేది బూజు. అంతే భేదం. పాకిన చోట గింజ మెత్తబడి సులభంగా జీర్ణమవుతుంది. 100 గ్రాముల టెంపేలో సుమారు 19 గ్రాముల మాంసకృత్తులు ఉంటవి. అంతే తూకపు కోడిగుడ్డులో సుమారు 12 గ్రాములే ఉంటవి.

నేను మొదటిసారి ఇంట చేసినప్పుడు సంచికి రంధ్రాలు పొడవడం మరచిపోయాను. మరునాటికి గింజలు జిగురు పట్టి, దుర్వాసన వేసినవి. గాలి లేనిదే ఆ బూజు బతకదు. మొత్తం పారవేయవలసి వచ్చినది. టెంపే మీద అక్కడక్కడ నల్లని మచ్చలు ఉంటే భయం లేదు. జిగురు, గులాబి రంగు, ఘాటైన దుర్వాసన ఉంటే మాత్రం తినరాదు.

ఇక బెలాచాన్ లేని టెంపే సంబల్ చేసే విధానం చెబుతాను. నూనె కాగే పని పెద్దలదే, మీరు నూరే పని చేయవచ్చు. 300 గ్రాముల టెంపేను పలుచని ముక్కలుగా కోసి, ఉప్పు, పసుపు కలిపిన నీటిలో కొద్దిసేపు ఉంచి, ఆరబెట్టి, కరకరలాడేటట్లు వేయించవలెను. తడి ఉంటే నూనె చిందుతుంది. వేడినీటిలో నానిన 10 ఎండుమిరపకాయలు, 2 ఉల్లిపాయలు మెత్తగా నూరి, కొంచెం నూనెలో సన్నని సెగ మీద నూనె పైకి తేలేవరకు వేయించవలెను. ఇక్కడ తొందరపడితే పచ్చివాసన పోదు. బెలాచాన్ ఇచ్చే లోతైన రుచికి బదులుగా ఒక చెంచా తౌచు వేయవలెను. తౌచు అంటే ఉప్పులో పులియబెట్టిన సోయా గింజలు. అది చాలా ఉప్పగా ఉంటుంది గనుక వేరే ఉప్పు రుచి చూసిన తరువాతనే వేయండి. చింతపండు పులుసు, చిన్న ముక్క గులా మెలాకా చేర్చి, చిక్కబడిన తరువాత టెంపే ముక్కలు కలిపి దించవలెను. ఉల్లి తినని అతిథి ఉంటే ఉల్లికి బదులు ఇంకొంచెం మిరప, అల్లం నూరండి.

దీనితో పాటు తీపి కావలెనంటే కొబ్బరిపాల పాయసం ఉన్నది. మా నాయనమ్మ పేరాక్‌లో ఒక కొబ్బరి తోటలో పనిచేసేది. ఆ ఇండ్లకు ఆవుపాలు అరుదు, కొబ్బరికి కొదవ లేదు. ఆమె బెల్లం, కొబ్బరిపాలతో పాయసం కాచి, కొబ్బరి ముక్కలను కొబ్బరినూనెలోనే వేయించి వేసేది. తాను వీగన్ పాయసం వండుతున్నానని ఆమెకు జీవితాంతం తెలియదు.

రెండు జాగ్రత్తలు చెప్పవలెను. సోయా, వేరుశనగ, నువ్వులు కొందరి ఒంటికి పడవు. కొందరికి ప్రాణాపాయం కూడా కలుగుతుంది. అందుచేత ముందుగా అడగండి. రెండవది, పూర్తిగా వీగన్ భోజనం మీదనే జీవించేవారు బి12 విటమినును వేరుగా తీసుకోవలెను. మొక్కల ఆహారం నుండి అది తగినంత లభించదు. అటువంటి మార్పు కోరుకొనేవారు ఇంట పెద్దలను, వైద్యుని సంప్రదించవలెను.

ఈ సంవత్సరపు భోజనానికి చీటీలు రాసే పని ఐదవ, ఆరవ తరగతుల వారిది. ఎవరూ “శాకాహారం” అని ఒక్క మాట రాసి ఊరుకోవద్దు. గిన్నెలో ఏమేమి పడినవో అన్నీ రాయండి. పోపులో వేసినది నెయ్యా, నూనెయా అన్నది కూడా రాయండి. ప్రతి గిన్నెకు వేరు గరిటె ఉండవలెను. టెంపే సంబల్ నేను తెస్తాను. దాని చీటీని ముందుగా ఆ బాలికకు చూపి, ఆమె చదివి సరే అన్న తరువాతనే గిన్నె ముందు పెడదాము.