పుస్తకం మీద దస్తఖత్: ముందు పాఠకుడి పేరు, తర్వాతే రచయిత సంతకం

సంతకాన్ని మన పెద్దలు ఇప్పటికీ దస్కత్తు అంటారు. అది ఫార్సీ నుంచి ఉర్దూలోకి వచ్చిన దస్తఖత్. దస్త్ అంటే చేయి, ఖత్ అంటే రాత. అచ్చయిన పుస్తకంలో రచయిత చేత్తో రాసేది ఆ ఒక్క చోటే. అందుకే అక్కడ ఏం రాయాలో కాస్త ఆలోచించాలి.

నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల ఊళ్లవాళ్లకు పెద్ద పుస్తకాల పండగంటే విజయవాడదే. ఏటా జనవరి మొదట్లో జరుగుతుంది. అక్కడ రచయితలు నేరుగా పాఠకులను కలుస్తారు. ఈమధ్య మన పిల్లలు కూడా కథలు, కవితలు రాసి సొంత ఖర్చుతో అచ్చు వేయించుకుంటున్నారు. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. రేపు మన వీధిలోని పిల్లో పిల్లాడో పుస్తకం వేస్తే మొదటి సంతకాలు మన ఇళ్లలోనే జరుగుతాయి.

పాత పద్ధతి ఏం చెబుతుంది?

ముద్రణ లేని రోజుల్లో ఇస్లామీ విద్యాకేంద్రాల్లో గురువు ముందు పుస్తకాన్ని పైకి చదివేవారు. చదవడం పూర్తయ్యాక ఎవరెవరు విన్నారో, ఎక్కడ విన్నారో, ఏ తేదీన విన్నారో ఆ ప్రతి మీదే రాసేవారు. దాన్ని ‘సమా’ అంటారు, అంటే వినడం. డమాస్కస్‌లో 12, 13 శతాబ్దాల నాటి ఇలాంటి ప్రతులు చాలా దొరికాయి. వాటిలో ఆడవాళ్ల పేర్లు, చిన్నపిల్లల పేర్లు కూడా ఉన్నాయి. పేరు, ఊరు, తేదీ: ఈ మూడూ ఉంటే చాలు, ఆ రాత వందల ఏళ్ల తర్వాత కూడా మాట్లాడుతుంది. ఇప్పటి రచయిత సంతకానికీ అవే కావాలి.

పేరే అసలు పని

రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, స్కూల్ సర్టిఫికెట్‌లో ఇంకోలా. మన పేర్ల తిప్పలు మనకు తెలిసినవే. షేక్ ‘ఎస్కే’ అవుతుంది, మహమ్మద్ ‘ఎండీ’ అవుతుంది. ప్రవక్త పేరును అలా కుదించడం చాలామంది పెద్దలకు నచ్చదు కూడా. ఆఫీసులో గుమాస్తా తప్పు రాస్తే దిద్దించుకోవడానికి తిరుగుతాం. ప్రేమతో ఇచ్చే పుస్తకంలోనూ పేరు తప్పు పడితే మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి రచయిత అడగాల్సిన మొదటి మాట: ‘మీ పేరు మీరెలా రాసుకుంటారు?’ రహమానా, రెహమానా? ఖాదరా, ఖాదిరా? తెలిసిన పేరే కదా అని ఊహించి రాయకూడదు. ముందు చిన్న కాగితం మీద రాయించుకుంటే ఇంకా మంచిది.

ఉర్దూలో సంతకం చేసేవాళ్లు మరింత జాగ్రత్త పడాలి. తెలుగులో ‘నజీర్’ అని ఒకటే రాస్తాం. ఉర్దూలో జాల్‌తో రాస్తే హెచ్చరించేవాడు, జోయ్‌తో రాస్తే సాటి లేదా ఉదాహరణ అని అర్థం. చెవికి ఒకటే, రాతలో వేరు.

అబ్దుల్ రహమాన్ అనే ఆయనకు ‘అబ్దుల్ గారికి’ అని రాస్తే అది సగం మాటే. అబ్దుల్ అంటే ‘ఫలానా వారి దాసుడు’, ఎవరి దాసుడో చెప్పకుండా ఆగిపోయినట్టు ఉంటుంది. ‘రహమాన్ గారికి’ అన్నా బాగోదు, అది అల్లాహ్ పేరు. పూర్తి పేరే రాయండి.

ఇంకో మాట. పుస్తకం కొన్నది భర్త అయినా ఇంట్లో చదివేది అమ్మో, కూతురో కావచ్చు. ‘ఎవరి పేరు మీద రాయమంటారు?’ అని అడిగితే ఆమె పేరు ఆ పేజీలోకి వస్తుంది.

ఏం రాయాలి, ఏం రాయకూడదు?

పెద్దవాళ్లకు ‘అదబ్‌తో’ లేదా ‘సలాంతో’, పిల్లలకు ‘దుఆలతో’, తోటివాళ్లకు ‘ప్రేమతో’ అంటే సరిపోతుంది. వయసులో చిన్న రచయిత తాతగారికి ‘ఆశీస్సులతో’ అని రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. లైబ్రరీకి ఇచ్చే ప్రతిలో లైబ్రరీ పేరు, తేదీ, సంతకం చాలు.

ఖురాన్ ఆయతు రాయాలనిపించడం మంచి మనసే. అయితే పుస్తకం రేపు ఏ పాత పేపర్ల కట్టలో పడుతుందో మన చేతిలో లేదు. ఆ భయంతోనే మన పెద్దలు బిస్మిల్లాహ్ బదులు 786 వేసేవారు. అబ్జద్ లెక్కలో ఆ అక్షరాల విలువల మొత్తం అది. అంకె బిస్మిల్లాహ్‌కు సాటి కాదని చెప్పే ఉలమా కూడా ఉన్నారు. బిస్మిల్లాహ్ నోటితో చెప్పుకుని కలం పట్టుకుంటే ఏ చిక్కూ లేదు.

హిజ్రీ తేదీ వేసేవాళ్లకు ఒక సంగతి: ఇస్లామీ రోజు మగ్రిబ్‌తో మారుతుంది. సాయంత్రం సభలో మగ్రిబ్ తర్వాత సంతకం పెడితే మర్నాటి తేదీ వేయాలి.

చేతిపని జాగ్రత్తలు

పుస్తకం పేరు మాత్రమే ఉండే లోపలి పేజీ సంతకానికి సరైన చోటు. తెలుగు పుస్తకం ఎడమ నుంచి, ఉర్దూ పుస్తకం కుడి నుంచి తెరవాలి. నున్నటి కాగితం మీద జెల్ పెన్ను సిరా వెంటనే ఆరదు, ఆరేదాకా మూయకండి. బ్యాంకులో పెట్టే సంతకం పుస్తకాల మీద పెట్టొద్దు, వేరేది అలవాటు చేసుకోండి. ఫోన్ నంబర్ రాయమంటే మర్యాదగా వద్దనండి. పుస్తకం చేతులు మారినప్పుడు నంబర్ కూడా మారుతుంది. ఇక రసాల కాలంలో సభ పెడితే పండ్లు సంతకాలయ్యాకే పంచండి, చిన్న రసం మరక పేజీని వదలదు.

పేరు తప్పు పడితే కొట్టేసి దిద్దకండి. ఆ ప్రతి పక్కన పెట్టి కొత్తది ఇవ్వండి. రచయితకు పోయేది ఒక్క కాపీ. పాఠకుడికి దక్కేది ఎవరో అడిగి, విని, సరిగ్గా రాసిన తన పేరు.