ఇంటికి వచ్చే ఓటు

ఓటు వేయాలంటే బడి దాకా పోవాలి. నడవగలిగిన వాళ్లు పోతారు. మంచం పట్టిన ముసలమ్మ ఎట్లా పోతుంది? పూర్వం అట్లాంటి వాళ్లను ఎవరో ఒకరు మోసుకుపోవాల్సి వచ్చేది. లేకుంటే ఆ ఓటు పోయినట్టే.

ఇప్పుడు ఓటే ఇంటికి వస్తుంది. దీన్ని పోస్టల్ బ్యాలెట్ అంటారు. పేరులో పోస్టు ఉంది గాని, పోస్ట్‌మాన్ తేడు. ఎన్నికల సిబ్బందే తెస్తారు, వాళ్లే తీసుకుపోతారు. 80 ఏళ్లు దాటిన వాళ్ల కోసం 2019లో ఈ పద్ధతి పెట్టారు. 2024 మార్చిలో ఆ వయసును 85 చేశారు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కూడా అడగవచ్చు. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో పోలింగు జరిగింది. అంతకు ముందే చాలామంది ముసలివాళ్లు ఇంట్లోనే ఓటు వేశారు.

ఇది శాసనసభ, లోక్‌సభ ఎన్నికల మాట. పంచాయతీ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. వాటి నియమాలు వేరు. వాటి సంగతి మండలాఫీసులో అడగాలి.

అడగకుండా ఎవరూ రారు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల లోపల 12డి ఫారం ఇవ్వాలి. బి.ఎల్.ఓ. ఆ ఫారం ఇంటికే తెస్తారు. ఇష్టం లేకపోతే ఇవ్వనక్కర లేదు. ఫారం ఒప్పుకున్నాక మాత్రం లిస్టులో ఆమె పేరు పక్కన పి.బి. అని గుర్తు పెడతారు. ఇక బడికి పోయి ఓటు వేస్తానంటే కుదరదు. అందుకే, ఎవరో తెచ్చిన కాగితం మీద అత్త వేలిముద్ర వేసే ముందు కోడలు దాన్ని చదివి వినిపించాలి. చదువు వచ్చింది ఇందుకే గదా!

వచ్చే రోజు, వేళ ముందే చెబుతారు. ఇద్దరు సిబ్బంది, ఒక పోలీసు, వీడియో తీసే మనిషి వస్తారు. పార్టీల వాళ్లూ వచ్చి చూడవచ్చు. కాని ఓటు వేసేటప్పుడు ఎవరూ తొంగి చూడకూడదు. వీడియో కూడా తీయకూడదు. అట్ట అడ్డం పెడతారు.

చిక్కు వచ్చేది ఇక్కడే. "మా అమ్మకేం తెలుసు సార్, నేను గీస్తాను" అంటాడు కొడుకు. అది కుదరదు. ఆమెకు చూపు లేకపోతేనో, చెయ్యి ఆడకపోతేనో 18 ఏళ్లు నిండిన ఒకరి సాయం తీసుకోవచ్చు. ఆ మనిషిని ఎంచుకునేది ఆమే. ఆమె చెప్పిన పేరు దగ్గరే గుర్తు పెట్టాలి. ఆ పేరు బయట చెప్పకూడదు.

ఒక్క పేరు దగ్గరే పెన్నుతో గుర్తు పెట్టాలి. రెండు చోట్ల పెడితే ఓటు చెల్లదు. ఆ కాగితం మీద సంతకం చేసినా, పేరు రాసినా చెల్లదు. దాన్ని చిన్న కవరులో పెట్టి అంటించాలి. ఓటు వేసింది తనేనని వేరే కాగితం మీద సంతకమో, వేలిముద్రో వేయాలి. దాని మీద అధికారి కూడా సంతకం చేస్తారు. చిన్న కవరు, ఆ కాగితం రెండూ పెద్ద కవరులో పెట్టి ఇచ్చేయాలి. ఆ కాగితం లేకపోతే చిన్న కవరు విప్పకుండానే ఓటు తీసేస్తారు.

"మాకు వేయకపోతే పింఛను పోతుంది, ఎవరికి వేశావో తెలిసిపోతుంది" అని బెదిరించే వాళ్లుంటారు. అట్లా బెదిరించడం నేరం. లెక్కపెట్టే రోజు ముందు సంతకాల కాగితాలను చూస్తారు. వాటిని వేరే కట్టగా సీలు వేసి పక్కన పెడతారు. ఆ తర్వాతే చిన్న కవర్లు విప్పుతారు. అప్పుడు బల్ల మీద ఉండేవి ఓట్లే. వాటి మీద ముసలమ్మ పేరు ఉండదు.